చెకుముకి తుపాకి మీద అక్షరాలు

పటాన్‌చెరు రోడ్డు మీద కొత్తగా లేచిన సర్కారు కార్ఖానాలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా ఊళ్ళో అందరూ నేను పెద్ద ఇంజనీరునైపోయాననుకున్నారు. నిజానికి నేను చేసేది అచ్చులు చెక్కే పని. యంత్రభాగాల మీద నంబర్లు, గుర్తులు కొట్టడానికి ఉక్కు అచ్చులుంటాయి. వాటి మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. రోజంతా ఎడమ కుడి మారిన అక్షరాలతో కుస్తీ పట్టి బయటికి వస్తే బస్సు బోర్డు చదవడానికి కూడా ఒక్క క్షణం తికమకపడేవాణ్ణి. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, అప్పటికి పెళ్ళి కాలేదు, కోపం ముక్కు మీద ఉండేది. మనసులో ఒక మాట పుట్టిందంటే అది నోట్లోంచి బయటపడేదాకా నాకు ఊపిరాడదు. ఈ గుణం వల్ల నాకు జరిగిన నష్టం తక్కువే. నష్టమంతా పక్కవాళ్ళకే జరిగింది. ఈ రాస్తున్నది కూడా అలాంటి ఒక నష్టం గురించే.

ఆదివారాలు క్వార్టర్లో ఏం చేయాలో తోచేది కాదు. ఒక ఆదివారం పటాన్‌చెరు సంతలో తిరుగుతూ వెనక సందులోకి వెళ్ళాను. అక్కడ ఒక కొలిమి ముందు అరవై ఏళ్ళ మనిషి కూర్చుని చిన్న ఇనుప ముక్కను ఆకురాయితో రాస్తున్నాడు. కొలతబద్ద లేదు, బిగించే పట్టకారు లేదు. ముక్కను కాలి బొటనవేలి కింద నొక్కిపెట్టి, నాలుగు రాపిళ్ళకు ఒకసారి వేలితో తడిమి చూసుకుంటున్నాడు. మా టూల్ రూంలో అంత నునుపు రావాలంటే మూడు యంత్రాలు తిరగాలి. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఏంది బిడ్డా, గట్ల సూస్తున్నవ్? ఇట్ల రా, కూసో," అన్నాడు.

"చాలా బాగా చేస్తున్నారండీ," అన్నాను.

"నీ నోట్ల అండి ఇర్కిందా ఏంది? ఆంధ్రోనివా?" అని నవ్వాడు. నాకు కోపం రాబోయి రాలేదు.

అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. తుపాకులు చేయడానికి, బాగుచేయడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉన్న కమ్మరి ఆయన. తండ్రి పేరు మీద ఉన్న లైసెన్సు తర్వాత ఆయన పేరు మీదికి వచ్చింది. దాన్ని అద్దం కట్టించి కొలిమి గోడకు, పొగ తగలనంత ఎత్తులో పెట్టుకున్నాడు. ఆయనకు చదువు రాదు. అయినా రోజూ పొద్దున ఆ అద్దాన్ని తుడిచేవాడు. నాగళ్ళు చేసే కమ్మరి ఊరికొకడుంటాడు, అడవిపందుల తుపాకి చేసే ఉస్తాద్ మాత్రం ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆ కాగితం లేకపోతే తానూ ఊరికొక కమ్మరుల్లో ఒకడేనని ఆయనే నాతో ఒకటికి రెండుసార్లు అన్నాడు.

నేను ప్రతి ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట చూస్తూ కూర్చునేవాణ్ణి. తర్వాత తిత్తి ఊదేవాణ్ణి. తర్వాత ఆకురాయి పట్టుకున్నాను.

అప్పుడే భానూరు వైపు ఊరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్ద రైతులు, నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నవాళ్ళు. పొలాలు, బావులు, గొడ్లు అన్నీ పంచుకున్నారట, గొడవ లేదట. తాత వాడిన పిట్టల తుపాకి ఒక్కటే తెగలేదు. చెరువు మీద బాతుల్ని కొట్టే సన్నటి పొడుగు గొట్టం తుపాకి అది, చెకుముకి రాయితో పేలేది. దాన్ని గుడ్డ విప్పి మా ముందు పెట్టినప్పుడు నేను తాకడానికి కూడా వెనకాడాను.

"గిసొంటిదే ఇంకోటి జెయ్యాలె ఉస్తాద్," అన్నాడు పెద్దాయన. "రెండు పక్కపక్కన పెడితే తాతది ఏదో మాకు గూడ ఎర్కగావద్దు. అప్పుడు కండ్లు మూసుకోని చెరొకటి తీసుకుంటం."

"జెర గూడ ఫరక్ ఉండొద్దు," అన్నాడు చిన్నాయన. ఆయనకు అన్న మీద నమ్మకం కొంచెం తక్కువని ఆ మాటలోనే తెలిసింది.

ఉస్తాద్ ఆ తుపాకిని ఒళ్ళో పెట్టుకుని గొట్టం పొడుగునా వేలితో తడిమాడు. అలాంటిది చేసి ఎన్నేళ్ళైందని నేను అడిగితే, చెయ్యనే లేదన్నాడు. ఆయన చేసేవన్నీ మామూలు నాటు తుపాకులు. ఇలాంటిది వాళ్ళ నాయన చేయగా చూశాడట. "సచ్చేలోపల ఒక్కటన్న జెయ్యాలె అనుకున్న," అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నేను చూడనట్టు బొగ్గులు ఎగదోశాను.

ఆ పని ఏడాదిన్నర పట్టింది. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి కడ్డీ చుట్టూ చుట్టి, అతుకు కనబడకుండా కొట్టి గొట్టం చేశాడు. అది మొత్తం ఆయన చేతి పనే, నన్ను తాకనివ్వలేదు. రాయిని పట్టుకుని కొట్టే భాగాన్ని ఆయన ఘోడా అనేవాడు. ఆ ఘోడా, దాని ముందు నిప్పురవ్వలు రాల్చే ఉక్కు పలక, వెనకుండే కమాను పట్టీలు నా చేతికిచ్చాడు. కమానును కాల్చి పదును పెడితే నాలుగు విరిగాయి. ఐదోది విరగలేదు. ఉక్కు పలక గట్టిపడడానికి దాన్ని ఎద్దుగిట్టల పొడిలో పెట్టి, మట్టి మెత్తి, కొలిమిలో కాల్చి నీళ్ళలో వేస్తే అది పెట్టిన కేక ఇప్పటికీ నాకు గుర్తుంది. గొట్టాన్ని పట్టి ఉంచే మొద్దుకు జిట్రేగి కర్ర తెచ్చాం. ఇనుముకు దీపం మసి రాసి కర్రలో అదిమి, నల్లగా అంటిన చోటల్లా గోరంత గోరంత చెక్కేవాళ్ళం. మళ్ళీ మసి, మళ్ళీ చెక్కడం. కర్రకూ ఇనుముకూ మధ్య కాగితం కూడా దూరకూడదు. ఒక ఆదివారమంతా అలా చెక్కి, సాయంత్రం చూసుకుంటే పని రెండు వెంట్రుకలంత జరిగి ఉండేది. నాకు విసుగొచ్చి తిట్టుకునేవాణ్ణి. ఆయన పాట పాడుకునేవాడు.

పాత తుపాకిలో ఉన్న తప్పులు కూడా దించాం. మొద్దు మీద సొట్ట ఉంటే సొట్ట, గీత ఉంటే గీత. పురుగు తొలిచిన రెండు బెజ్జాలు సన్న సూది కాల్చి పెట్టాం. లైసెన్సు ప్రకారం ఉస్తాద్ తన గుర్తు, తన నంబరు ప్రతి తుపాకి మీదా కొట్టాలి. అది బయట కనబడితే తేడా తెలిసిపోతుందని, గొట్టం అడుగున, మొద్దు కప్పేసే చోట కొట్టాడు.

చివరికి మిగిలింది గొట్టం మీద, కంటికి దగ్గరగా ఉండే చోటున్న నగిషీ. తీగలు, మొగ్గలు, వాటి మధ్య వంపులు తిరిగిన ఉర్దూ రాత. ఉస్తాద్‌కు ఏ రాతా రాదు. నాకు ఉర్దూ రాదు. ఏ మసీదు గోడ మీదో చూసిన రాతలా అందంగా ఉండడంతో, దేవుణ్ణి తలుచుకుంటూ రాసిన మాటేమో అనుకున్నాను. ఉస్తాద్ అయితే అసలు అది రాతే కాదన్నాడు.

"పువ్వులే గవి. సుక్క గూడ ఇడువకు బిడ్డా," అన్నాడు.

నా పనే అది కదా. పల్చటి కాగితం పరిచి, మసి రుద్ది, అచ్చు తీసి కొత్త గొట్టం మీదికి ఎక్కించాను. మూడు ఆదివారాలు చెక్కాను. కార్ఖానాలో నేను చెక్కిన ఏ అచ్చూ అంత కుదరలేదు. ఉస్తాద్ దాని మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని తడిమాడు. పాతదాని మీద తడిమాడు. మళ్ళీ కొత్తదాని మీద తడిమాడు. "నువ్వు నా కొడుకువైతె బాగుండు," అన్నాడు. ఆయనకు కొడుకుల్లేరు. నా జీవితంలో నన్ను ఎవరైనా అంత మెచ్చుకున్నది లేదు, తర్వాత కూడా.

చెరువు గట్టున పెట్టి, తాడు కట్టి, దూరం నుంచి లాగి మొదటిసారి పేల్చాం. ముందు రవ్వ, తర్వాత బుస్సుమని పొగ, అంతా అయిపోయిందనుకున్నాక పెద్ద చప్పుడు. నీళ్ళ మీది పిట్టలన్నీ లేచాయి. ఉస్తాద్ తలపాగా తీసి గాల్లోకి విసిరాడు. అన్నదమ్ములిద్దరూ వచ్చి రెండు తుపాకులూ తిప్పి తిప్పి చూశారు. గొట్టం మీది రాతను ఇద్దరూ చదివారు కూడా. వాళ్ళకు కావలసింది తేడా లేకపోవడం. అది లేదు కాబట్టి సంతోషంగా తీసుకుపోయారు.

ఏడాదికోసారి లైసెన్సు తుపాకులన్నీ సంగారెడ్డి ఆఫీసులో చూపించి రాయించుకోవాలి. అన్నదమ్ములు రెండూ తీసుకెళ్ళారు. వారం తిరగకుండా ఉస్తాద్‌ను రమ్మని కబురొచ్చింది. ఎందుకో కబురు తెచ్చినవాడే చెప్పాడు. గొట్టం మీద ఉన్నది దేవుడి మాటా కాదు, పువ్వులూ కాదు. వాళ్ళ తాత పేరు, ఊరు, ఆయన లైసెన్సు నంబరు. ఒకే మనిషి, ఒకే నంబరు, రెండు తుపాకులు.

నేను సెలవు పెట్టి ఆయనతో బస్సెక్కాను. కిటికీ దగ్గర కూర్చుని ఆయన ఒకే మాట నాలుగుసార్లు చెప్పాడు. "నువ్వు నోరు ఇప్పకు బిడ్డా. అడిగితే చుట్టమని చెప్త. నోరు మాత్రం ఇప్పకు." నా ఉద్యోగం గురించి భయపడుతున్నాడనుకుని సరేనన్నాను. లైసెన్సు ఉన్నవాడు తప్ప మరొకడు తుపాకి పనిలో చెయ్యి పెట్టకూడదన్న నిబంధన ఆయనకు తెలుసు. నాకు తెలియదు. ఏడాదిన్నరలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు, చెప్తే నేను రావడం మానేస్తానని కాబోలు.

ఆఫీసులో బల్ల మీద రెండు తుపాకులూ పక్కపక్కన పెట్టారు. తాతది ఏదని అడిగితే అన్న ఒకటి చూపించాడు, తమ్ముడు ఇంకొకటి చూపించాడు. అధికారికి నవ్వొచ్చింది. ఉస్తాద్ చేతులు కట్టుకుని చెప్పాడు. "అవి అచ్చరాలని గూడ నాకు ఎర్కలేదు దొరా. పువ్వులనుకున్న. నా నంబరు కింద ఏసిన, ఇప్పి సూడుండ్రి." మొద్దు విప్పించి చూశారు. గొట్టం అడుగున ఉస్తాద్ నంబరు ఉంది. దొంగ తుపాకి చేసేవాడు తన నంబరు తానే కొట్టుకోడు కదా. అధికారి మెత్తబడ్డాడు. పై రాత గీకించేసి, నంబరు కనబడే చోట వేయించమన్నాడు, ఇంకెప్పుడూ ఇలా చేయనని వేలిముద్ర వేయించుకుని పంపించమన్నాడు. ఉస్తాద్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అక్కడితో అయిపోయేది.

పక్కన కళ్ళజోడు గుమాస్తా ఒకాయన భూతద్దం పెట్టి రాతను కుడి నుంచి ఎడమకు చదువుతూ తల ఊపాడు. "చదువు రాదంటాడు సాబ్. ఈ రాత చూడండి. చదువు రానివాడి చెయ్యి ఇంత శుద్ధంగా తిరుగుతుందా? అబద్ధాలకోరు. దొంగ ముఖం వాడు," అన్నాడు.

అధికారి పట్టించుకోలేదు. వేలిముద్ర కోసం సిరాబిళ్ళ కూడా వచ్చేసింది. ఆ మాటను వదిలేసి ఉంటే సరిపోయేది. నా ఒళ్ళు మండిపోయింది. అంతటి మనిషిని పట్టుకుని దొంగ ముఖం అంటాడా?

"ఆయన అబద్ధం చెప్పలేదండీ. ఆ అక్షరాలు చెక్కింది నేను," అన్నాను.

ఉస్తాద్ నా కాలు తొక్కాడు. నేను ఆగలేదు. నేను ఏ పని చేస్తానో చెప్పాను. అక్షరాలు ఎలా దించానో చెప్పాను. ఘోడా నేను చేశాను, కమాను నేను చేశాను, ఎన్ని విరిగాయో కూడా చెప్పాను. గొప్పగా చెప్పాను.  గుమాస్తా కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. అధికారి ఉస్తాద్‌ను అడిగాడు, ఈ కుర్రాడికి లైసెన్సుందా అని. ఉస్తాద్ తల దించుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. మాటలు వెనక్కి తీసుకోవడానికి ఎన్ని రకాలుగా ప్రయత్నించానో లెక్కలేదు. ఊరికే చూశానన్నాను, తిత్తి మాత్రమే ఊదానన్నాను. ప్రతి మాటా రాసుకున్నారు. నన్ను సాక్షి కింద వేసి సంతకం పెట్టించారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఏదైనా అయితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రెండు తుపాకులూ ఆఫీసు గదిలోనే ఉండిపోయాయి. వారానికి ఆఫీసు మనుషులొచ్చి ఉస్తాద్ గొట్టాల కడ్డీలు, బెజ్జాల పనిముట్లు మూటగట్టి తీసుకుపోయారు. గోడ మీది అద్దం కూడా తీసుకుపోయారు. ఆ చోట గోడ తెల్లగా కనబడేది. ఆయన కొడవళ్ళు సాగదీస్తూ కూర్చునేవాడు. తుపాకి పని కోసం వచ్చినవాళ్ళకు బంద్ అయిందని చెప్పి పంపేవాడు. నేను వెళ్తే ఎప్పటిలాగే కూర్చోమనేవాడు. అలా కూర్చోవడం నాకు నరకంగా ఉండేది, వెళ్ళకపోవడం ఇంకా నరకం.

మూడు నెలలకు కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని ఆయన మా క్వార్టర్‌కు వచ్చాడు. "ఏం రాసిండ్రో సదువు బిడ్డా," అన్నాడు. అప్పుడప్పుడే ఆఫీసుల్లో తెలుగులో రాయడం మొదలైంది. ముందు నేను మనసులో చదువుకున్నాను. అక్షరాల విషయంలో దురుద్దేశము కనబడలేదని ఒక వాక్యం. దాని కింద, లైసెన్సు లేని వ్యక్తిచేత ఆయుధ భాగములు చేయించినట్లు సదరు వ్యక్తి వాఙ్మూలమువలన రుజువైనందున లైసెన్సు రద్దు చేయడమైనదని ఇంకొక వాక్యం. ఆ సదరు వ్యక్తిని నేనే.

ఆయన నా ముఖమే చూస్తున్నాడు.

"అక్షరాల వల్లేనండీ," అన్నాను. "పాత నంబరు దించినందుకు రద్దు చేశారట."

ఎందుకలా అన్నానో చెప్పడానికి పెద్ద కారణాలేవీ లేవు. భయం, సిగ్గు, అంతే. ఆ రోజు ఆఫీసులో అన్నీ విన్నవాడే కదా, ఆయనకు తెలిసే ఉంటుందని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆయన నమ్మాడు. సర్కారు కాగితంలో ఉన్నదే అసలు కారణమని ఆయన లెక్క. నా మాటల వల్ల పోలేదని ఆయన ముఖం తేటపడడం కూడా చూశాను.

"గట్లనా. అయితె నాదే తప్పు. పువ్వులన్నది నేనే గద," అన్నాడు. ఆ వెంటనే, "నాకు సదువొస్తె గిట్లయ్యేదే కాదు. నువ్వు నాకు అచ్చరాలు జెప్తవా?" అని అడిగాడు.

కాదనడానికి నాకేం హక్కుంది? మరుసటి ఆదివారం పలక తీసుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనడం మానేసి సారూ అనడం మొదలుపెట్టాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. అరవై దాటిన మనిషి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని అఆలు దిద్దాడు. ఆ చేతికి అక్షరం లొంగడం ఎంతసేపు? నెలకే ఆయన రాసిన 'ఱ' నాదానికంటే గుండ్రంగా ఉంది. గుణింతాలు రెండు నెలల్లో వచ్చేశాయి. దారిలో గోడల మీద రాతలు చదువుతూ వచ్చి నాకు అప్పజెప్పేవాడు. ఆయన సంతోషం చూసి నాకు భయం పట్టుకుంది. ఆ కాగితం ఆయన పెట్టెలో ఉంది.

అందుకని ఒత్తులు నేర్పలేదు.

ఒత్తులు రాకపోతే 'రద్దు' చదవలేడు, 'వ్యక్తి' చదవలేడు, 'లైసెన్సు' కూడా చదవలేడు. ఆఫీసు తెలుగులో ఒత్తు లేని వాక్యం ఉండదు కదా, అదే నా ధైర్యం. గుణింతాలే మళ్ళీ మళ్ళీ దిద్దించాను. ఏడాది దిద్దించాను.

"గీ కింద ఏలాడేటియి ఏంది సారూ? గవి జెప్తలేవు?" అని అడిగేవాడు.

"ముందు ఇవి గట్టిపడాలండీ," అనేవాణ్ణి. ఆయన సరేనని తల వంచి దిద్దేవాడు. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించేది.

ఒక ఆదివారం ఆయన పలకతో పాటు ఆ కాగితం కూడా తెచ్చాడు. మడతలు విప్పి గచ్చు మీద పరిచి, వేలు పెట్టుకుని చదవసాగాడు. ఒత్తు వచ్చిన చోట వేలు ఎత్తి, దాటించి, మళ్ళీ పెట్టేవాడు. నేను ఆపాలనుకున్నాను, ఏమని ఆపను?

"లేని... చేత... ఆయుధ భాగములు చేయించిన..." అని చదివి ఆగాడు. వేలు వెనక్కి తీసుకొచ్చాడు. "గీ నడుమల మాట ఏంది సారూ? వకారం కింద ఏలాడేది ఏంది?"

"యకారం," అన్నాను.

"కికారం కింద?"

"తకారం."

"వ, య... వ్య. కి, త..." ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. "వ్యక్తి," అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి మొత్తం చదివాడు. "లేని వ్యక్తిచేత ఆయుధ భాగములు చేయించిన..." ఈసారి ఎక్కువ ఆగలేదు. తర్వాత చాలాసేపు ఆ మాట మీద నుంచి వేలు తీయలేదు. నేను గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను.

"తప్పు సదువలేదు గద సారూ?" అన్నాడు.

"లేదండీ. సరిగ్గానే చదివారు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. తిడతాడని, వెళ్ళిపోతాడని ఎదురుచూస్తూ నేను తల ఎత్తలేదు. కాసేపటికి పలకను నా వైపు జరిపాడు.

"ఇగ మిగిలిన ఒత్తులు గూడ రాసియ్యి సారూ," అన్నాడు.

బలపం తీసుకుని రాశాను. అంతకంటే ఏం చేయాలో నాకు తోచలేదు, ఇప్పటికీ తోచడం లేదు.